గాల్లో బిగించిన బోల్టు

ఇలా దగ్గరికి జరగండి, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోండి. నేను మిలిటరీలో జీపు తోలిన రోజుల మాట.

అరవైల్లో ఓ వానాకాలం. మునేరు పొంగిందని మమ్మల్ని జగ్గయ్యపేట పంపారు. పొద్దున ఆరింటికి దిగాం. సన్నజల్లు. చీలమండ దాకా నల్లమట్టి. మాది నందిగామే. ఇల్లు పద్దెనిమిది మైళ్లు. సెలవు లేదన్నారు. నాకు కాలు నిలిచేది కాదు.

నీళ్లలో ఇంజను మునక్కుండా నా జీపుకి అదనంగా స్ప్రింగు పట్టీలేసి జానెడు లేపారు. దాంతో స్ప్రింగు చివర, బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్‌లు తొందరగా అరిగేవి. అవి అరిగితే స్టీరింగు ఒక పక్కకి, బండి ఇంకో పక్కకి.

మూడో రోజు పన్నెండింటికి రేడియో పలికింది. "పైనుంచి నీళ్లొస్తున్నాయి. నాలుగింటికల్లా బళ్లు ఏరు దాటే రేవు మునుగుతుంది."

ఏటి అవతలి పల్లెలో, బడి దగ్గర, ఇంకా ఏడుగురున్నారు. నా బుష్‌లు పోయాయి. మెకానిక్కు హవల్దారు, మేం ఉస్తాద్ అనేవాళ్లం, జ్వరంతో డేరాలో పడుకున్నాడు. జాకీ ఎక్కించి కొత్తవి నేనే వేసా.

"ఒరే, బండి దించి, బరువు పడ్డాకే బిగించావా?" డేరాలోంచి కేక.

"బిగించా ఉస్తాద్."

అబద్ధం. చక్రాలు గాల్లో ఉండగానే బిగించేసా. అలా బిగిస్తే, బరువు పడగానే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. తెలుసు. మళ్లీ బురదలో దూరే ఓపిక లేదు. ఒక్క ట్రిప్పే కదా అనుకున్నా. మనుషులకి చోటు కావాలని స్టెప్నీ కూడా తీసి పక్కన పడేసా.

రాళ్లదారి, ఆపైన ఏరు. రెండున్నరకి పల్లె చేరేసరికే కింద టక్‌టక్. ముందు ఎడమ బుష్ తుక్కు. జనం అప్పటికే ఎక్కేసారు. ఏట్లో బండి పక్కకి లాగిందంటే అందరూ నీళ్లపాలే. జీపు రేడియోలో ఉస్తాద్‌ని పిలిపించా.

"ఉస్తాద్, అబద్ధం చెప్పా. గాల్లోనే బిగించా."

గరగర మధ్యలోంచి, "నిన్ను తిట్టడానికి టైము లేదు. టైరు రబ్బరు వెతుకు. బోల్టుకి చుట్టు. ఈసారి జనాన్ని ఎక్కించి బిగించు."

పల్లెలో టైరు ఎక్కడిది? వెనక కూర్చున్న ముసలాయన టైరు చెప్పులు విడిచి చేతికిచ్చాడు.

"కోసెయ్ బాబూ. పోయిన నెలే కుట్టించా, గట్టివి."

"మరి నీ కాళ్లకో తాతా?"

"ముందు ఒడ్డు దాటించవయ్యా, కాళ్ల సంగతి తర్వాత."

అందర్నీ దింపి, జాకీ ఎక్కించి, చెప్పులు కత్తితో కోసి, చుట్టి, బోల్టు దూర్చా. జీపు దించి, అందర్నీ మళ్లీ ఎక్కించి, బురదలో వెల్లకిలా పడుకుని బిగించా.

"కదలకండమ్మా!"

"పెళ్లిపీటల మీద కూడా ఇంత బుద్ధిగా కూర్చోలేదు నాయనా," అంది ఓ ముసలమ్మ.

మూడూ యాభైకి ఇవతలి ఒడ్డెక్కాం. పది నిమిషాలకి రేవు కనపళ్లేదు.

డేరాల దగ్గరికి చేరగానే ఉస్తాద్ దుప్పటి కప్పుకునే వచ్చి బండి కిందికి వంగి చూసాడు. వారం రోజులు నా చేతికి స్పానరివ్వలేదు.

పన్నెండో రోజు సెలవిచ్చి నందిగామ పంపారు. అమ్మ వేడన్నం పెట్టింది. గుమ్మంలో విప్పిన నా బూట్లు చూసి కంచం పక్కకి జరిపేసా. ఆ రోజు బండి దిగాక కంకర రోడ్డు మీద ఆ ముసలాయన ఉత్తి కాళ్లతో ఒక్కో అడుగూ ఏరి ఏరి వేసుకుంటూ, వెనక్కి చూడకుండా నడిచిపోవడం ఇవాళ్టికీ కళ్లముందే ఉంది. అప్పుడు నా కాళ్లకి బూట్లున్నాయి. విప్పి ఇవ్వాలని తోచలేదు.

మీ ఇంట్లో నడిచే ప్రతి కాలికీ చెప్పులుండాలి తల్లీ. కడుపునిండా తిని, ఒకరి మాట ఒకరు నమ్ముకుని, చల్లగా ఉండండి.