చాకొలెట్ గులాబీలకు నీళ్ళు చల్లిన రోజు

అది 2002 వేసవి. పటమటలో మేడ మీద అద్దెకున్న రెండు గదుల్లో ఒకదాన్ని చాకొలెట్ పూల పనికి కేటాయించుకున్నాను. ఇంట్లో కేకులు చేసుకునేవారు పైన అలంకరణకు నా దగ్గర పూలు తీసుకునేవారు. కంకిపాడు దగ్గర మా తాతగారికి ఎంత భూమి ఉండేదో, మా నాన్నగారి కాలంలో అదెలా పోయిందో ఎవరికీ చెప్పలేదు. ఒక నియమం మాత్రం పెట్టుకున్నాను. కావలసినవారు నా గుమ్మానికి రావాలి. సరుకు పట్టుకుని నేను ఒకరి గుమ్మం ఎక్కను.

ఉత్త చాకొలెట్‌ను కరిగించి అచ్చులో పోస్తే బిళ్ళలు వస్తాయి గాని గులాబీ రాదు. దానికి మోడలింగ్ చాకొలెట్ కావాలి. కరిగిన చాకొలెట్‌లో లిక్విడ్ గ్లూకోజ్ అనే చిక్కటి పాకం కలిపి మర్నాటిదాకా ఉంచితే, మర్దించినకొద్దీ చపాతీ పిండిలా చెప్పినట్టు వింటుంది. గోళీలంత ఉండలు చేసి, ప్లాస్టిక్ కవరు మధ్య పెట్టి, బొటనవేలితో అంచు పల్చగా నొక్కి, రేకు మీద రేకు చుట్టాలి. ఈ పనికి శత్రువులు రెండు: వేడి చేతులు, నీళ్ళు.

ఆ మే నెలలో వన్‌టౌన్ నుంచి షమీమ్ అనే ఆవిడ వచ్చింది. వాళ్ళది బట్టల వ్యాపారం. వాళ్ళకు చీరలు నేసి ఇచ్చే మంగళగిరి కుటుంబంలో మనవరాలి మొదటి పుట్టినరోజు. కేకు తన ఇంటినుంచే వస్తుందని షమీమ్ భర్త మాటిచ్చాడు.

"ఈ కేకు నలుగురిలో పరువు నిలబెడితే నా ఓవెన్ ఇంట్లో ఉంటది, లేకపోతే తన చెల్లెలింటికి పంపించేస్తానన్నారండీ మా ఆయన. ఆయన్నేం అనను. ముందు రెండు కేకులూ మాడ్చిందాన్ని నేనేగా" అంది నవ్వుతూ. నవ్వుతున్నా చేతులు కొంగును నలుపుతూనే ఉన్నాయి.

పన్నెండు గులాబీలు అట్టపెట్టెలో సర్ది ఇచ్చి, "చల్లగా ఉంచండి" అన్నాను. ఆవిడ ఇంకేదో అడగబోయింది. బజారులో సరుకు గొప్ప చెప్పుకునేవారిలా నిలబడి వివరించడం నాకు చిన్నతనంగా తోచింది. తలుపు తీసి పట్టుకున్నాను.

మరునాడు మధ్యాహ్నం రెండింటికి షమీమ్ ఫోన్.

"పూలన్నీ జిగటగా అయిపోయినయ్యండీ. కొన్నిటి మీద తెల్లమచ్చలు. ఐదింటికి బయల్దేరాలి."

"నీళ్ళు తగిలాయా?"

"మా అత్తమ్మ చల్లిందండీ. ఎండకి వాడిపోతయ్యని నీళ్ళు చల్లి, తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. మల్లెపూలకి చేసినట్టే."

నీళ్ళు చాకొలెట్‌లోని పంచదారను కరిగించి పైకి తెస్తాయి. ఆరాక తెల్లమచ్చలు కడతాయి. మా పనిలో దీన్ని షుగర్ బ్లూమ్ అంటారు. తప్పు మీదేనని చెప్పి ఫోన్ పెట్టేయబోయాను.

"చల్లగా ఉంచమన్నారు కదండీ, అందుకని..." అంది.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నేను చెప్పినంతవరకూ వాళ్ళు చేశారు. మిగిలిన చాకొలెట్ పిండీ కోకో పొడీ సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను. వాళ్ళ గుమ్మం ముందు కాలు ఒక్క క్షణం ఆగింది. తరవాత లోపలికి వెళ్ళాను.

అరవై దాటిన షమీమ్ అత్తగారు ఎదురొచ్చింది. "నేనే పాడుచేశానమ్మా. కోడలికి మేలు చేద్దామనుకుంటే దాని ఓవెన్‌కే ఎసరొచ్చింది."

"మీ తప్పు కాదండీ. చెప్పవలసింది నేను చెప్పలేదు" అన్నాను.

ఏడు పూలను పొడిగుడ్డతో అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టి, బ్రష్‌తో కోకో పొడి పూస్తే మచ్చలు కనబడకుండా పోయాయి. మిగతా అయిదూ పనికిరావు. కొత్తవి చేయబోతే ఆ వంటింటి వేడికి నా వేళ్ళ మధ్య రేకులు సాగి తెగిపోతున్నాయి. షమీమ్ చేతులు నావాటికంటే వేడి. గడియారం మూడున్నర దాటింది.

"నేను చేయనా?" అంది పెద్దావిడ.

"ఇప్పటిదాకా చేసింది చాలు అత్తమ్మా!"

"నోరుముయ్యవే, కేకులు మాడ్చినదానా."

ఆవిడ చెయ్యి పట్టుకు చూశాను. నడివేసవిలోనూ కుండలో నీళ్ళంత చల్లగా ఉంది.

"చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా. చలికాలం నా చెయ్యి తగిలితే మా ఆయన ఉలిక్కిపడేవాడు."

మా పనిలో అలాంటి చేతులు దొరకడం అదృష్టం. ఉండ ఇచ్చి ఒక్కసారి చూపించాను. రేకు అంచు ఉల్లిపొరలా వచ్చింది. ఆవిడ నొక్కుతుంటే, నేను అడుగు మాత్రం పట్టుకుని చుట్టాను. నాలుగున్నరకు అయిదు పూలూ పూర్తయ్యాయి. ఈసారి మాడని తన కేకు మీద షమీమ్ పన్నెండూ అమర్చింది.

అంతలో షమీమ్ భర్త ఐసు బక్కెట్టుతో వచ్చాడు. "కేకు చుట్టూ పోస్తే చల్లగా ఉంటది కదా!"

ముగ్గురం ఒక్కసారే "వద్దు!" అని అరిచాం. ఆయన బక్కెట్టుతో సహా వెనక్కి తగ్గాడు. ఐసును ప్లాస్టిక్ సంచుల్లో మూటగట్టి, పొడి తువాళ్ళు చుట్టి, కేకు పెట్టెకు బయటివైపున సర్దించాను.

మర్నాడు పొద్దున పెద్దావిడే ఫోన్ చేసింది. "కేకు కొయ్యకముందే ఆ పిల్ల గులాబీ పీకి నోట్లో పెట్టుకుందంటమ్మా! అందరూ ఒకటే నవ్వులంట. మావాడు ఓవెన్‌కి బల్ల చేయిస్తానంటున్నాడు."

ఫోన్ పెట్టేసి నేనూ నవ్వుకున్నాను.

ఆనాటి నుంచి ఏ పెట్టె ఇచ్చినా మనిషిని నిలబెట్టి చెబుతాను: నీళ్ళు వద్దు, తడిగుడ్డ వద్దు. తిరిగి వాళ్ళచేత చెప్పించుకుంటాను. పని తెలిసినవారు చెప్పకుండా వదిలేసినచోట, తెలియనివారు తమకు తెలిసిన మంచే చేస్తారు. అది బెడిసికొడితే జవాబు చెప్పుకోవలసింది పని తెలిసినవారే.