తాత ఓడ మీద ఉన్న రెండేళ్ళు

తాళ్ళ మిల్లు వెనక వరస ఇళ్ళలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అతను చిన్నదొర. నలభై రెండేళ్ళు నార పేని పేని ఆకురాయిలా గరుకెక్కిన అరచేతులు, మోకాళ్ళ దగ్గర మాసికలు పడ్డ ప్యాంటు. దొరతనం ఎక్కడుందో దీపం పెట్టి వెతుక్కోవాల్సిందే. ఆ పేరు రావడానికి కారణం వాళ్ళ నాయనమ్మ. "మనం మిల్లు దొరల ఇంటి రక్తమేరా" అని ఒకటి రెండుసార్లు అందామె. గోడకేసి తిరిగి అంది. పిల్లలకి మాట వినపడింది గాని మొహం కనపడలేదు. అతను ఆ మాట పట్టుకెళ్ళి వీధిలో డప్పు కొట్టాడు. అరవై దాటినా ఆ పేరు అతన్ని వదల్లేదు.

నిజానికి ఇరవై రెండు ఇళ్ళ వాళ్ళదీ యజమానుల ఇంటిపేరే. మిల్లు పెట్టిన కొత్తలో పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీలకి ఇంటిపేరేం రాయాలో తోచక, గుమాస్తా యజమానిదే రాసి పడేశాడు. తాళ్ళ చుట్టల మీద మిల్లు ముద్ర కొట్టినట్టే మనుషుల మీదా కొట్టాడు. ఆ ముద్రే తర్వాత వాళ్ళకి నీడైంది. మిల్లు పెట్టిన పెద్దాయన పోతూ పోతూ, 'నా ఇంటిపేరు గలవాళ్ళు ఉన్నంతకాలం ఈ వరస వాళ్ళదే' అని వీలునామా రాశాడు. తన పేద చుట్టాల్ని తలుచుకుని రాశాడట. చుట్టాలెవరూ రాలేదు. కూలీలు ఉండిపోయారు.

మిల్లు మూతపడింది. స్థలం ధరకి రెక్కలొచ్చాయి. మనవలు నడిపే ట్రస్టుకి అప్పుడు తట్టింది, ఇంటిపేరుంటే సరిపోదు, రక్తం కూడా ఉండాలని. కోర్టుకెళ్ళి డీఎన్‌ఏ పరీక్షకి ఉత్తర్వు తెచ్చుకున్నారు. ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది కాబట్టి ఇంటికో మగమనిషి బుగ్గలోంచి దూది పుల్లతో నమూనా ఇవ్వాలి. కలిసినవాళ్ళు ఉంటారు, కలవనివాళ్ళు పోతారు.

మిల్లు తూకం గదిలోనే నమూనాలు తీశారు. ఒకప్పుడు అక్కడ తూకం వేసిన వరస చివరింటి బావ ఆ రోజు కూడా కాటా పక్కనే కూర్చున్నాడు.

"చిన్నదొరా, నువ్వు ముందెళ్ళవయ్యా! దొరలు వరసలో నిలబడతారా?"

"నీకు పళ్ళే లేవు, నీ నోట్లో వాళ్ళకి ఏం దొరుకుతుంది బావా?"

"పళ్ళు లేకపోతేనేం, నాలుకుందిగా. వంశం అంతా దాంట్లోనే ఉంది."

చిన్నదొర అక్క కూడా వచ్చి నోరు తెరిచింది. భర్త పోయాక ఆమె తమ్ముడి దగ్గరే ఉంటోంది. నర్సు పుల్ల వెనక్కి తీసుకుంది. "ఆడవాళ్ళవి పనికిరావమ్మా."

"మా ఇద్దరికీ అమ్మా నాన్నా ఒకళ్ళేగా తల్లీ?"

"అయినా ఇందులో మీరు లెక్కకి రారు."

"ఇందులోనే ఏమిటి, ఎందులో వచ్చాం గనక" అనేసి కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా ట్రస్టు మేనేజరు చిన్నదొరని ఆఫీసుకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఆ గదిలో కుర్చీ ఎక్కడం అతనికదే మొదటిసారి.

"ఇరవై ఒక్క ఇళ్ళు కలవలేదు. నీదొక్కటే కలిసింది. ఇప్పటి యజమాని నమూనాకీ నీదానికీ తేడా లేనట్టే. మూడు తరాల లోపు చుట్టరికం అని రాశారు."

చిన్నదొర ఛాతీ పొంగింది. అబద్ధం ఎందుకు, పొంగింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఎగతాళిగా విన్న మాట కాగితం మీద నిజమై కూర్చుంది. బావ మొహం ఎలా మాడుతుందోనని కూడా అనుకున్నాడు. మేనేజరు కాగితం ముందుకు తోశాడు. వంశస్థుడిగా ఇంట్లో ఉంటున్నట్టు, పరీక్ష న్యాయంగానే జరిగినట్టు, మిగతావాళ్ళకి ఏ సంబంధమూ లేదని తనకి తెలిసినట్టు రాసుంది.

"నీ సంతకం ఉంటే మేము పక్షపాతం చూపించామని ఎవడూ అనలేడు. కూలివాడైనా రక్తం ఉంటే ఇల్లిచ్చాం కదా!"

"ఇంటికెళ్ళి మా అక్కతో ఓ మాట చెప్పొస్తానండి."

దారిలో మూడు తరాలు వేళ్ళ మీద వేసుకున్నాడు. తను. నాన్న. తాత. తాత దగ్గర వేలు ఆగింది.

తాత గురించి ఇంట్లో ఒక కథ ఉంది. మిల్లు తాళ్ళు ఓడకెక్కించి, వాటి మరమ్మతుకి తాతని కూడా పంపారు. రెండేళ్ళు సముద్రం మీదే ఉన్నాడు. తిరిగొచ్చి గుమ్మంలో అడుగు పెట్టేసరికి, అప్పుడే ఏడాది నిండిన నాన్న ఎదురొచ్చి, అప్పుడే నేర్చిన తప్పటడుగులతో కాలు పట్టుకున్నాడు. కన్నకొడుకుని మొదటిసారి నడుస్తుండగా చూసిన మనిషి! ఎన్నిసార్లు చెప్పుకున్నారు, ఎంత మురిసిపోయారు! రెండేళ్ళలోంచి తొమ్మిది నెలలు తీసి, పిల్లవాడు నడవడానికి పట్టే ఏడాది తీసి, మిగిలే మూడు నెలలూ ఎక్కడివో చూద్దామని ఇంటిల్లిపాదిలో ఒక్కడికీ తోచలేదు. తాడు మీద వేలు పెడితే అతుకెక్కడుందో చెప్పేవాడు చిన్నదొర. ఇంట్లో ఉన్న అతుకు అరవై ఏళ్ళూ తడుముతూనే ఉన్నాడు, తెలియలేదు.

నాయనమ్మ అప్పుడు యజమానుల పెద్దింట్లో పాచిపని చేసేది. మొగుణ్ణి ఓడెక్కించి పంపిందెవరో కొత్తగా చెప్పక్కర్లేదు.

అక్క గుమ్మంలో కూర్చుని పాత గోనె విప్పి దారం చుడుతోంది. అతని మొహం చూసి చెయ్యి ఆపింది.

"కలిసిందా?"

"నీకు తెలుసా అక్కా?"

"ఆడదాన్ని, నెలలు లెక్కపెట్టడం నాకు రాదేమిట్రా? నాకు పెద్దది పుట్టినప్పుడే తెలిసింది."

"మరి చెప్పలేదే!"

"నువ్వేమో చిన్నదొరనని ఛాతీ విరుచుకు తిరిగేవాడివి. ఏమని చెప్పను?" దారం కొస పళ్ళతో తెంపింది. "నాయనమ్మనీ అడిగాను. తాత ఏమన్నాడే అని. 'ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి పెద్దింటి గేటు కేసి చూడలేదు. పిల్లాణ్ణి మాత్రం కింద దించలేదు' అంది."

చిన్నదొర ఆమె పక్కనే గుమ్మంలో కూర్చున్నాడు. తర్వాత కాగితం సంగతి చెప్పాడు. సంతకం పెడితే ఇల్లుంటుంది. పెట్టకపోతే ఈ వయసులో అక్కని వెంటేసుకుని వీధిన పడాలి. అక్కకి అప్పటికే మోకాళ్ళు వంగవు.

"పెట్టమంటావా?"

"నన్నడక్కు. వాళ్ళ లెక్కలో నేను లేనుగా" అంది. మళ్ళీ దారం అందుకుని, "సంతకమే పెడతావో, పక్కన ఉన్నదున్నట్టే రాస్తావో నీ ఇష్టం. నాయనమ్మ ఊసు లేకుండా మాత్రం రాయకు" అంది.

మర్నాడు కాగితంలో 'సంబంధం వివరాలు' అన్న చోట చిన్నదొర నింపాదిగా, వంకర అక్షరాలతో రాశాడు: 'మా నాయనమ్మ మీ ఇంట్లో పాచిపని చేసేది. మా తాతని మీరు ఓడ మీద పంపించారు. మిగతా ఇరవై ఒక్క ఇళ్ళవాళ్ళూ ఎలా వచ్చారో మేమూ అలాగే వచ్చాం.' కింద సంతకం పెట్టాడు.

మేనేజరు చదివి నవ్వబోయి మానుకున్నాడు. "ఇలా రాస్తే ఇది చెల్లదు పెద్దాయనా. కొత్త కాగితం ఇస్తాను."

"నా దగ్గర ఇంకో సంబంధం లేదండి."

వాళ్ళడిగినట్టు అతను సంతకం పెట్టకపోయినా కేసు ఆగలేదు. ఇరవై రెండిట్లో ఒకటి కలిసిందన్న ల్యాబు రిపోర్టే పరీక్ష న్యాయంగా జరిగిందనడానికి చాలింది. అతను రాసిన కాగితం కోర్టు దాకా వెళ్ళనే లేదు; వంశస్థుడినని రాసివ్వలేదని అతని ఇల్లు కూడా ఖాళీ చెయ్యమన్నారు. కూలగొట్టే యంత్రం ఆ చివర తూకం బావ ఇంటితో మొదలుపెట్టింది. ఆ రోజు దాకా బావ చిన్నదొరతో మాట్లాడలేదు, సంతకం పెట్టాడనుకుని. ఇతని సామాను కూడా బయటికి వస్తుంటే చూసి దగ్గరికొచ్చాడు. మంచం రెండో వైపు పట్టుకున్నాడు.

"నీది కలిసిందన్నారు కదయ్యా?"

"కలిసింది బావా."

బావ తలెత్తి చూశాడు. ఏమర్థమైందో, ఆ రోజు తర్వాత ఆయన చిన్నదొర అని పిలవలేదు.

ఊరవతల రేకుల షెడ్లలో తలా ఒక గది దొరికింది. అక్కడ కుళాయి చీటీ రాసే గుమాస్తా తలెత్తకుండా అడిగాడు.

"ఇంటిపేరు?"

వెనక మనుషులు బిందెలతో నిలబడి ఉన్నారు. అతను అక్క కేసి చూశాడు. అక్క మోకాలు పట్టుకుని గోడకి ఆనుకునుంది, ఇటు చూడలేదు.

"త్వరగా చెప్పండి."

చెప్పాడు. ఇంకోటి లేదు మరి.