స్వామి పటం వెనక అక్క

రాజావారి పెళ్ళితో మా ఊరికి ఒరిగింది ఇంటికో గ్లాసు. దాని మీద ఆయన మొహం, రాణిగారి మొహం. ఇత్తడికి వెండి పూత పూసి పంచారు. రెండుసార్లు చింతపండుతో తోమేసరికి రాణిగారి ముక్కు పోయింది. మా ఇంటికి మాత్రం ఒక ఫోటో కూడా వచ్చింది. పెళ్ళిలో హారతి పళ్ళెం పట్టుకున్న పిల్లల్లో మా అక్క ఉంది మరి. మరుసటి ఏడే అమ్మవారు పోసి చచ్చిపోయింది. దాని రూపమంటూ లోకంలో మిగిలింది ఆ ఫోటో ఒక్కటే.

యుద్ధం అయిపోయిన ఏడు శిస్తుల గొడవ ముదిరింది. రాజావారి దివాణం వస్తువు ఏది కనబడినా తగలబెడతామని జనం తిరుగుతున్నారు. అమ్మ భయపడి ఫోటోను తిరుపతిలో పటాలు కట్టే అంగడికి తీసుకుపోయింది. పైన వెంకటేశ్వరస్వామి పటం, దాని వెనక అక్క ఫోటో, రెండూ ఒకే అద్దం కింద బిగించుకొచ్చింది. నాయన తల్లి, మా అవ్వ, మా ఇంట్లోనే ఉండేది. ఆమెకు చెప్పలేదు.

"ముసల్దాని నోట్లో నువ్వుగింజ నానదు. నువ్వూ నోరు మూసుకో" అని అమ్మ నాచేత ఒట్టు వేయించింది.

ఆ వానాకాలం దివాణం మనుషులు శిస్తు కట్టలేదని ఒక రైతును కట్టేసి కొట్టారు. తెల్లారేసరికి అతను పోయాడు. ఊరంతా కట్టెలు పట్టుకుని లేచింది. ఇల్లిల్లూ చొరబడి గ్లాసులు, ఫోటోలు ఈడ్చి వీధిలో మంట పెట్టారు. మా నాయన దివాణం గుర్రాలకు గడ్డి తోలేవాడు, ఆయన్ని గడప మీదే పడేశారు.

"ఫోటో యాడ పెట్టినావో చెప్పు!"

"లేదప్పా, ఎప్పుడో చెదలు తినేసింది."

మూతి మీద కొట్టారు. రెండు పళ్ళు నా కాళ్ళ దగ్గర పడ్డాయి. అమ్మ రోకలెత్తి ఒకడి మోచెయ్యి విరగ్గొట్టింది. వాడి పక్కవాడు విసిరిన కట్టె అమ్మకు తగల్లేదు, గోడ మీది స్వామి పటానికి తగిలింది. అద్దం ఫెళ్ళున పగిలింది. అంతే, గుంపంతా నిలబడిపోయింది.

"అపచారం, సామీ!" అని విసిరినవాడు లెంపలు వాయించుకున్నాడు. నెత్తురు కక్కుతున్న మా నాయనను దాటుకుని, పటానికి దండం పెట్టి వెళ్ళిపోయారు. థూ, వాళ్ళ భక్తి మండ! అయినా అక్క దక్కింది.

అవ్వను ఇంట్లో ఉంచి, నాయనను బండిలో వేసుకుని నేనూ అమ్మా తిరుపతి ఆసుపత్రికి పోయి, ఆయన్ని అక్కడ చేర్పించి మరునాడు తిరిగొచ్చాం. గోడకు మేకు మాత్రమే ఉంది.

"పటం యాడ, అత్తా?"

"పగిలిన సామిని ఇంట్లో పెట్టుకుంటే అరిష్టం గదమ్మా. పసుపు కుంకుమ పెట్టి స్వర్ణముఖిలో ఇడిచిపెట్టొచ్చినా."

అమ్మ అవ్వ జుట్టు పట్టుకుని ఏటి దాకా ఈడ్చుకుపోయింది. వానలకు ఏరు ఎర్రగా, ఒడ్డులొరుసుకుని పారుతోంది. ఆ బురదలో పడేసి వీపు మీద, మొహం మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టింది. నేను అడ్డం పోతే నన్నూ తన్నింది.

"చంపేస్తా ఉందిరో!" అని అవ్వ అరుస్తోంది.

"ఆ పటం ఎనక నా బిడ్డ ఉండిందే, ముండా! నా బిడ్డ ఫోటో!"

అవ్వ ఏటి వైపు తల తిప్పింది.

"నాతో ఒక్క మాట చెప్పలేదేమే?" అంది. "దాన్ని నా రొమ్ము మింద పండబెట్టుకుని సాకినానే. నన్ను కోసినా ఒకరికి చెప్పుందునా?"

అమ్మ మళ్ళీ కొట్టింది. ఈసారి అవ్వ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.