ఉయ్యాల చెక్కల పిచ్చుకగూడు

నా చిన్నప్పుడు మా నాయన చేసిన వస్తువుల్లో ఎవరూ వాడనిది ఒక్క ఉయ్యాలే. సత్యవేడు చుట్టుపక్కల పల్లెల్లో ఆయన చేసిన తలుపో, కిటికీనో, మంచమో లేని ఇల్లు తక్కువ. నేను చదివింది అయిదో తరగతి వరకే. ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసి ఎరగను. అయినా ఈ ఉయ్యాల సంగతి నాతోనే పోకూడదని రాస్తున్నాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ కడుపుతో ఉంది. మా వైపు ఊళ్ళలో బిడ్డ పుట్టకముందే ఉయ్యాల చేయించరు, గుడ్డలు కుట్టించరు, బిడ్డకు కీడంటారు. ఏం చేసినా బిడ్డ పుట్టి, పురుటి నీళ్ళు పోశాకే. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ పుట్టబోయే బిడ్డను ఊపాలని నాకు ఒకటే ఆత్రం. ఊరందరికీ చేస్తావు, మనకు చెయ్యవా అని రోజూ నాయన వెంటపడ్డాను. చాలా రోజులు నవ్వి ఊరుకున్నాడు. ఒకరోజు ఒప్పుకున్నాడు.

"మీ అవ్వకి చెప్పినావంటే నా వీపు పగలగొడ్తాది," అన్నాడు.

ఇంటి వెనక కొట్టంలో, గోనెసంచుల చాటున, వేపచెక్కతో చేశాడు. చిత్రిక పట్టాడు. ఉప్పుకాగితంతో రుద్దాడు. చివరికి నా చెంప చెక్కకు ఆనించి చూడమనేవాడు, ఎక్కడైనా గరుకు తగిలితే చెప్పమని. బిడ్డ ఒళ్ళు నా చెంప కంటే మెత్తగా ఉంటుందట. నేను ఏమీ తగల్లేదన్నా ఇంకోసారి రుద్దేవాడు.

తమ్ముడు పుట్టిన మూడో రోజు పోయాడు. పుట్టుకతోనే ఊపిరి సరిగా లేదని చెప్పారు. అమ్మ ఆసుపత్రి నుంచి ఖాళీ చేతులతో ఇంటికి వచ్చింది.

ఆ వారంలోనే కొట్టంలో ఉయ్యాల అవ్వ కంటపడింది. "పుట్టకముందే ఉయ్యాల చేస్తారా ఎవురన్నా? నీ చేత్తో నువ్వే చేసుకుంటివి కదరా," అని నాయన మీద పడి ఏడ్చింది. నాయన నా మాట ఎత్తలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. తలుపు చాటున నేను అంతా విన్నాను. తమ్ముణ్ణి చంపింది నేనేనని అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

అప్పటి నుంచి అమ్మ మాట్లాడడం మానేసింది. రెండు ముద్దలు తిని లేచేది. పసివాడి ఊసెత్తితే ఇంకా కుంగిపోతుందని అవ్వ అందరి నోళ్ళూ మూయించింది. నాయన ఉయ్యాలను కొట్టంలో అటక మీదికి ఎక్కించాడు. కొన్నాళ్ళకు ఒక పిచ్చుకల జంట అందులోకి గడ్డిపోచలు మోయడం మొదలుపెట్టింది. అమ్మ కొట్టం గడప మీద కూర్చుని వాటినే చూసేది. ఇంకే పనికీ లేవని మనిషి, పొద్దున లేవగానే అక్కడికి పోయేది.

అవ్వకు అది నచ్చలేదు. పోయిన బిడ్డ ఉయ్యాలను చూస్తూ కూర్చుంటే మనిషి ఎట్లా తేరుకుంటుందని, దాన్ని నీళ్ళపొయ్యిలో పెట్టమని పట్టుబట్టింది. కట్టెలు కూడా పేర్చింది.

"కాల్చనుమా," అన్నాడు నాయన. "విప్పేస్తా. ఈ చెక్కల్తో పిచ్చుకలకి ఇల్లు చేస్తా. ఉయ్యాల నీ కంట పడదు. సాలా?"

"ఏమన్నా చేసుకో పో," అంది అవ్వ.

గూట్లో ఇంకా గుడ్లు లేవు. ఉన్న గడ్డిని నేను చేటలోకి ఎత్తి పెట్టాను. నాయన ఉయ్యాల విప్పాడు. నేను చెక్క పట్టుకుంటే ఆయన కోశాడు. ముందువైపు చెక్కకు గుండ్రంగా బెజ్జం పెట్టాడు. తర్వాత ఉలి తీసుకుని, లోపలి వైపు అడ్డంగా గాట్లు పెట్టాలన్నాడు. నేను చెంప ఆనించిన చెక్కలు అవి. వద్దని ఏడ్చాను.

"నున్నగుంటే పిచ్చుక పిల్లలు ఎక్కలేవు మే. అడుగునే పడుంటాయి. గాట్లుంటే గోళ్ళకి పట్టు దొరుకుతాది, ఎక్కి బయటికొస్తాయి," అన్నాడు.

నాకు చెప్పాడు గానీ ఆయన చేయి ఆడలేదు. సుత్తి ఎత్తాడు, దించాడు. మళ్ళీ ఎత్తాడు, దించాడు. అప్పుడు గడప మీద నుంచి అమ్మ లేచి వచ్చింది.

"ఇట్టియ్యి," అంది. ఉలి అందుకుని, "యాడ?" అని అడిగింది.

అన్ని రోజులకు అమ్మ గొంతు వినడం అదే. నాయన వేలితో చూపించాడు. అమ్మ కొట్టిన మొదటి గాటు వంకరగా పడింది. రెండోదీ వంకరే. నేను ఇక ఆపుకోలేకపోయాను.

"నేనడిగినాననే నాయన ఉయ్యాల చేసినాడుమా. నా వల్లనే తమ్ముడు..."

అమ్మ సుత్తి కింద పెట్టింది. నన్ను దగ్గరికి లాక్కుని, నా చేతిని ఉలి మీద పెట్టి, దాని మీద తన చేయి పెట్టింది.

"నువ్వడగబట్టే వానికంటూ ఒక ఉయ్యాలన్నా ఉన్నింది. లేకుంటే ఈ ఇంట్లో వానిదని ఏముంది మే?"

అప్పుడు ఏడ్చింది. నాయన కూడా ఏడ్చాడు. అవ్వ కొట్టం బయట నిలబడి విన్నది. ఊరుకోమంటుందేమో అనుకున్నాను. అనలేదు, అక్కడే నేల మీద చతికిలబడింది. మిగతా గాట్లన్నీ అమ్మా నేనూ కలిసి పెట్టాం. మర్నాడు గూడు చూరుకు వేలాడదీశాక, అవ్వ ఎవరూ చెప్పకుండానే వరికంకులు తెచ్చి దాని పక్కన కట్టింది.

ఆ జంట మళ్ళీ రాలేదు. నేను లోపల పరిచిన గడ్డి పరిచినట్టే ఉండిపోయింది. పై ఏడాది వేరే పిచ్చుకలు వచ్చాయి. మొదటి పిల్ల బెజ్జంలోంచి తల బయటపెట్టిన రోజు, తమ్ముడికి పెట్టాలనుకున్న పేరు అమ్మ నాకు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. అమ్మకు మళ్ళీ బిడ్డలు కలగలేదు.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. గూడు ఎప్పుడో పుచ్చిపోయింది. ఒక్క చెక్క నా దగ్గర ఉంది. ఒక వైపు నున్నగా ఉంటుంది, రెండో వైపు వంకర గాట్లు.

ఎవరింట్లోనైనా పసిబిడ్డ పోయిందని తెలిస్తే, అందరూ ఆ తల్లికి మరిచిపొమ్మని చెప్పి వస్తారు. నేను అందరూ వెళ్ళేదాకా ఉండి, ఏం పేరు పెట్టాలనుకున్నావమ్మా అని అడుగుతాను. కొందరు వెంటనే చెప్తారు. కొందరికి చాలాసేపు పడుతుంది. అందాకా పక్కన కూర్చుంటాను.