బాలస్వామి పాదాల లెక్క

ముక్కుకొండ పట్నానికి ఆ పేరెందుకొచ్చిందని ఇప్పుడెవరైనా అడిగితే ఊరివాళ్లు కాస్త ఇబ్బంది పడతారు. ఒకప్పుడు పత్తిచేలల్లో పది మైళ్ల అవతల నుంచి చూసినా ఆ కొండ వెల్లకిలా పడుకున్న మనిషిలా కనిపించేది. మొహాన కోటేరేసినట్టు ముక్కు. ఆ ముక్కు మీద ఏ రెడ్డిరాజో కోట కట్టాడు. నవాబుల ఫిరంగులు సగం కూల్చాయి. మిగిలిన దాంట్లో సగం దొరలు పగలగొట్టి రైలుకట్టకి పోశారు. ఆ తరవాత ముక్కు చెంచయ్య కంట్రాక్టరు చేతిలో పడి కంకరైపోయింది. ఊళ్లో కోర్టు, చర్చి, సినిమాహాలు, ఆఖరికి మునిసిపాలిటీ మరుగుదొడ్లు కూడా ఆ ముక్కులోంచి ఊడొచ్చినవే.

"మా ఊరు కొండకింద లేదండీ, కొండే మా ఊళ్లోకి దిగింది" అనేవాడు బాలస్వామి. అనే హక్కు అతనికుంది. ముక్కు కోసింది అతనే.

అతను క్వారీలో తూటాలు పేల్చే మనిషి. పొద్దుట రాతికి బెజ్జాలు కొట్టించి మందు కూరేవాడు. మధ్యాహ్నం ఎర్రజెండా పాతి, వత్తులంటించి, పాత కోటగోడ చాటుకి పరిగెత్తేవాడు. అప్పటికే కూలీలంతా అక్కడ చెవుల్లో దూది కుక్కుకుని, పైన అరచేతులు మూసుకుని కూర్చునేవాళ్లు. దూదికేం కరువు, కిందంతా పత్తేగా! చెవులు మూసుకోనివాడు బాలస్వామి ఒక్కడే. ఎన్ని వత్తులంటించాడో అన్ని పేలుళ్లు లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా ఆ పూట గుంటలోకి ఎవరూ దిగకూడదు. ఇద్దరు లెక్కపెట్టే ఆచారం మాత్రం లేదు. వెనకోసారి అలాగే పెట్టి, ఆరని ఒకడూ ఐదని ఒకడూ సమ్మెటలతో తలలు పగలగొట్టుకున్నారు.

ఇందులో చిన్న చిక్కుంది. బాలస్వామికి చెవుడు.

ఇరవయ్యేళ్ల తూటాలు ముందు ఎడమ చెవిని, తరవాత కుడి చెవిని తినేశాయి. ఆ సంగతి తెలిస్తే చెంచయ్య ఆ రోజే పొమ్మంటాడు. మాటలంటారా, ఆ క్వారీలో మెల్లగా మాట్లాడేవాడే లేడు. పెదాలు చూసి నెట్టుకొచ్చేవాడు. పేలుళ్లకి మాత్రం చెప్పులు విప్పి, వట్టి పాదాలు బండకి ఆనించి నిలబడేవాడు. ప్రతి దెబ్బా మడమలోంచి మోకాలికెక్కేది. ఎనిమిదేళ్లలో ఒక్క లెక్క తప్పలేదు.

ఆ చెప్పులు విప్పడం చూసి పాస్టరుగారు ఒక ఆదివారం, మండే పొద ముందు మోషే జోళ్లు విడిచినట్టు మన బాలస్వామి విడుస్తున్నాడని ప్రసంగించారు. చెంచయ్యేమో "వీడికి కొండదేవరంటే భక్తి ఉందిరా" అని మురిసిపోయాడు. రెండువైపుల పుణ్యమూ ఊరికే వస్తుంటే కాదనడానికి బాలస్వామికి నోరు రాలేదు.

ఎనభైనాలుగు వేసవిలో గనుల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆ పొద్దున చెంచయ్య ఒక జత కొత్త బూట్లు తెచ్చి బాలస్వామి ముందు పడేశాడు.

"తొడుక్కో. ఆయన వెళ్లేలోపల విప్పావంటే కాళ్లు విరగ్గొడతా."

అడుగున అంగుళం మందం రబ్బరు.

ఆ రోజు ఏడు వత్తులు. ఒకటి, రెండు, మూడు దాకా బాలస్వామికి తెలిసింది. తరవాత అంతా పక్కింట్లో రోకటిపోటులా ఉంది. నాలుగూ ఐదూ కలిసి పేలాయా? అది ఆరా, ఏడా? పక్కన ఇన్‌స్పెక్టరు చెవుల్లో వేళ్లు తీసి చూస్తున్నాడు. చెంచయ్య ఊఁ కొట్టమన్నట్టు తలాడిస్తున్నాడు. బాలస్వామి ఏడు వేళ్లు చూపించి, దిగమని చెయ్యూపాడు.

కూలీల్లో రాళ్లు కొట్టే కొండమ్మ సమ్మెట భుజాన వేసుకుని ముందు నడిచింది. వెనక అంకయ్య, ఆ వెనక పదిహేనుమంది. అప్పుడు బాలస్వామి తన బూట్ల వంక చూసుకున్నాడు. ఏడని చెప్పింది పాదం కాదు, భయం.

"ఆగండి! వెనక్కి రండి!"

వాళ్ల చెవుల్లో దూది ఇంకా తియ్యలేదు.

బూటు లాగి విసిరాడు. అది కొండమ్మ వీపు మీద ధన్‌మని తగిలింది. రెండోది అంకయ్య మూతి పగలగొట్టింది. జెండాకర్ర పీక్కుని పరిగెత్తి దొరికినవాణ్ణి దొరికినట్టు బాదాడు.

"ఆడదాని మీద జోడు విసురుతావంట్రా ముసలోడా!" కొండమ్మ వెనక్కి తిరిగింది.

"వీడికి దెయ్యం పట్టింది, పట్టుకోండ్రా!" నెత్తురు ఉమ్ముతూ అరిచాడు అంకయ్య.

బాలస్వామి కోటగోడ చాటుకి పరుగు తీశాడు. పదిహేడుమందీ వెంటపడ్డారు. అక్కడ దొరకబుచ్చుకుని కింద పడేసి కుమ్మారు. రెండు పళ్లు ఊడాయి. పక్కటెముక విరిగింది. కొండమ్మ జుట్టు పట్టుకుని తల బండకేసి కొట్టింది. ఇన్‌స్పెక్టరు ముందు పరువు పోయిందని చెంచయ్య కూడా వచ్చి డొక్కలో రెండు తన్నాడు. మూడోదానికి కాలెత్తాడు.

గుంట పేలింది.

తలంత రాళ్లు గోడ మీంచి ఎగిరిపోయాయి. కంట్రాక్టరు జీపు అద్దం ముక్కలైంది. కొండమ్మ వదిలేసి వచ్చిన సమ్మెట కర్ర రెండుగా విరిగి గాల్లోంచి పడింది. చెంచయ్య ఎత్తిన కాలు అలాగే ఉంది. నేలకి కరుచుకుపోయిన బాలస్వామి ఆ దెబ్బని ఒళ్లంతా విన్నాడు. నెత్తురు కారుతున్న నోటితో, "ఏడు" అన్నాడు. తరవాత చెవులు చూపించి, లేవన్నట్టు చెయ్యి తిప్పాడు.

చెంచయ్య మర్నాడే పనిలోంచి తీసేశాడు. అది ఊహించిందే. ఊహించనిది మిషనాసుపత్రిలో జరిగింది. పేటలో గయ్యాళిగా పేరు మోసిన పెళ్లాం ఎలీసమ్మ మంచం పక్కన కూర్చుంది. సంగతి ఆవిడకెలా చెప్పాలా అని బాలస్వామి నీళ్లు నమిలాడు.

"ఏవమ్మా, నాకు... వినపడదు."

"ఎనిమిదేళ్ల నించీ తెలుసయ్యా!" వార్డంతా ఉలిక్కిపడేలా అంది ఎలీసమ్మ. "లేకపోతే పుట్టుగయ్యాళినా నేను? ఉప్పందుకో అనడానిక్కూడా కేకలు పెట్టి పేటంతటిచేతా తిట్లు తిన్నాను. నీ గుట్టు బయటపడకూడదనేగా!"

తరవాత ఆ క్వారీలో ఇద్దరు లెక్కపెట్టడం మొదలైంది. ఒకరు కొండమ్మ, చెవుల్లో దూది లేకుండా. బూట్లు రెండూ ఆవిడే వెతికి తెచ్చి బాలస్వామి గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది. అవి అక్కడే ఎండిపోయాయి. ఎలీసమ్మ ఇక అరవడం మానేసింది. అన్నం వడ్డించాక నేలమీద మడమతో దబదబా రెండు పోట్లు పొడిచేది. వీధి అరుగు మీద చెప్పుల్లేకుండా కూర్చున్న బాలస్వామి లేచి వచ్చేవాడు.