దశరథం సారుది ఒకటే జవాబు

దశరథం సారుకు ఇంగ్లీషు ఎంత వచ్చో జమ్మికుంటలో ఎవరికీ తెలియదు. కనిపెట్టాలంటే మరొకరికి రావాలి కదా! ఆ ధీమాతోనే ఆయన పదేళ్లు పంతులుగా చెలామణి అయ్యాడు.

నిజాం కాలంలో ఉర్దూలో చదివి, మెట్రిక్‌లో ఇంగ్లీషు తప్పాడు. పోలీసు చర్య తర్వాత కచేరీలో ఉర్దూ పలుకుబడి తగ్గి, ఆయన గుమాస్తా పని ఊడింది. తనకు రాని ఇంగ్లీషునే అమ్ముకుందామని మా ఇంటి పక్క పత్తి గోదాము అరుగు మీద ట్యూషన్ పెట్టాడు. చెవులు మూసుకుని బియ్యం ఏరే అలవాటు నాకు లేదు. గోడవతల చదువంతా విన్నాను.

ఇంగ్లీషు మాటకు ఆయన ఉర్దూలో అర్థం చెప్పేవాడు. తాను నేర్చింది అట్లాగే మరి! తెలుగు బడి పిల్లలు ఆ ఉర్దూకు అర్థం అడిగితే, "గది గూడ తెల్వదా, గాడ్దీ!" అని బెత్తం అందుకునేవాడు. పాపం, వాళ్లు రెండు భాషలనూ కలిపి బట్టీ పట్టేవాళ్లు. పద్యమైనా కథైనా ఆయన రాయించే జవాబు ఒకటే: "రచయిత ఇందులో ప్రకృతి అందమును వర్ణించెను." ఓడ మునిగినా అదే, ముసలమ్మ చచ్చినా అదే.

ఒకనాడు ఉండబట్టలేక గోడ మీదుగా అడిగాను.

"సారూ, ముసల్ది సచ్చిపోతె గూడ అందమేనా?"

"నాలుగో తరగతి సదువుకు గివన్ని ఎందుకు పెద్దవ్వా? మార్కులు గిట్లనే పడ్తయి!"

ఆ అరుగు మీదికే దెబోరా వచ్చింది. తండ్రి లేని పిల్ల. తల్లి సంతోషమ్మ జిన్నింగు మిల్లులో కూలి. మిషన్ దవాఖానలో నర్సు చదువుకు పిలుపు వచ్చింది గానీ, అక్కడి డాక్టరమ్మ ముందు ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే తల్లి వెంట మిల్లుకే.

పరీక్షలో ఏం జరిగిందో దెబోరాతో రెండుసార్లు చెప్పించుకున్నాను. డాక్టరమ్మ ఒక ఇంగ్లీషు కథ చదవమంది. వాగు పొంగింది, తల్లి చంకలో జ్వరంతో కాలిపోతున్న బిడ్డ, పడవ లేదు. ఏం అర్థమైందని అడిగితే, మన పిల్ల గడగడా సారు జవాబు అప్పజెప్పింది.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది. "బిడ్డ చావుబతుకుల్లో ఉంటే నీకు ప్రకృతి అందం కనిపించిందా? రేపు రోగులను కూడా ఇట్లాగే చూస్తావా?"

దెబోరా సారు జవాబును పక్కన పెట్టింది. కాగితం మళ్లీ అడిగి తీసుకుని, మెల్లగా చదివింది. ఈసారి వచ్చీరాని ఇంగ్లీషులో, ఆ తల్లికి వాగు దాటాలన్నా భయమే, ఒడ్డున ఉండాలన్నా భయమే అని చెప్పింది. తప్పులున్నాయట. అయినా డాక్టరమ్మ సీటు ఇచ్చింది.

దెబోరా బస్సెక్కే రోజు సారు తెల్లంగీ తొడుక్కుని, కొబ్బరికాయతో వచ్చాడు. "నా చేతుల సదివిన పిల్ల!" అని కనిపించిన ప్రతివాడికీ చాటాడు.

సంతోషమ్మ చాలాసేపు విని, ఇక ఓర్చుకోలేక అంది. "సారూ, మీరు చెప్పింది మర్చిపోయినంకనే నా బిడ్డకు సీటచ్చింది."

సారు ఏమాత్రం తగ్గలేదు. చుట్టూ చూసి కాయ పైకెత్తాడు.

"అగో, ఇన్నరా? పరీక్షల మర్చిపోవాల్నంటె ముందుగాల ఎవలన్న చెప్పాలె గద!"