మూతి విరిగిన చేప కాన్పు

ముప్పై ఏళ్లు కాన్పుల వార్డులో పనిచేసి రిటైరైన నర్సమ్మ, రంగుచేపల కొట్టులో వేలెడంత హాఫ్‌బీక్ చేప ముందు ఆగిపోయింది. ఆ జాతికి కింది దవడ సూదిలా ముందుకు పొడుచుకొని ఉంటుంది. దీనిది మాత్రం తొట్టి అద్దానికి గుద్దుకొని సగానికి విరిగింది.

“అది దండగమ్మా. కడుపుతో ఉంది గానీ, ఈ జాతి తొట్టిలో చచ్చిన పిల్లల్నే కంటుంది,” అన్నాడు కొట్టతను.

“కాన్పుల సంగతి నువ్వు నాకు చెప్తావా?” అని దాన్నే కొని తెచ్చుకుంది.

అడ్డంగా అద్దం ఉందని చేపకు తెలియాలి కదా! ఇంట్లో తొట్టికి మూడు పక్కలా నల్లకాగితం అంటించింది. నీటిమీద వాలే పురుగులే దానికి ఒంటికి పడతాయని, వంటింటి గట్టుమీద సీసాలో అరటిపండు కుళ్లబెట్టి చిన్న ఈగలను పెంచింది.

“ఈగలు తోలుకునేవాళ్లను చూశాను గానీ, పెంచేవాళ్లను చూళ్లేదత్తయ్యా!” అంటూ కోడలు ముక్కు మూసుకుంది.

“కడుపుతో ఉన్నప్పుడు నువ్వడిగిందల్లా చేసిపెట్టలేదూ? ఇది అడిగేది ఈగల్నే. ముక్కుతో పాటు నోరూ మూసుకో.”

మూడు వారాలకు పదకొండు పిల్లలు పుట్టాయి. పదకొండూ ఈదుతున్నాయి. తల్లి మింగెయ్యకుండా నర్సమ్మ వాటిని వేరే తొట్టిలోకి మార్చింది.

సంగతి తెలిసి కొట్టతను ఇంటికే వచ్చాడు. “పిల్లల్ని నాకిచ్చెయ్యండమ్మా, కొట్లో పెట్టుకుంటా.”

“తల్లిని దండగన్నవాడివి, పిల్లల కోసం ఏ మొహం పెట్టుకొచ్చావ్? నీ తొట్లకు ఇలా నల్లకాగితం అంటించావా?”

“లేదమ్మా...”

“వీటికింకా సూదిమూతి మొలవలేదు. మొలిచాక నీ అద్దానికేసి విరగ్గొట్టుకోడానికా పంపేది? ముందు కాగితం అంటించు, ఫో!”